తొట్టెల మీద తాడ్‌పత్రి

తాడ్‌పత్రి, అదే వానకు కప్పే టార్పాలిన్ పట్టా, కొనడంలో నేను మోసపోలేదు. ఈ మాట ముందే చెప్పేస్తాను. ఎందుకంటే ఈ సంగతి ఎవరి దగ్గర ఎత్తినా "అయ్యో, దుకాణపోడు ముంచిండు" అని జాలి పడతారు. వాడు ముంచలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. సూరత్‌లో ఇన్నేళ్ల కాపురంలో ఒక వ్యాపారి నాతో నిజం మాట్లాడింది ఆ ఒక్క రోజే. ఆ ఒక్క రోజే నేను నమ్మలేదు.

కరోనా సెకండ్ వేవ్ వచ్చిన ఎండాకాలం అది. పర్వత్ పాటియాలో ఒక్క గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. నేను, మా ఆయన, ఇద్దరు ఆడపిల్లలు, మా అత్త. మా ఆయనది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పని, పన్నెండేళ్లుగా ఒకే సేటు దగ్గర. నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించేదాన్ని. అత్తకు దమ్ము. చలికాలమైతే పొగకు, ఎండాకాలమైతే దుమ్ముకు, ఏ కాలంలోనైనా నా వంట పోపుకు ఆయాసం వచ్చేది. "నన్ను చంపనీకె మిరపకాయలు మాడుస్తున్నవా ఏందే?" అనేది. "నువ్వు అంత తొందరగ సచ్చేదానివా అత్తా" అని నేనూ అనేదాన్ని. ఆ మాట అన్న నోరు ఇదే.

మా ఆయనకు జ్వరం వచ్చి, పరీక్షలో తేలిపోయాక, మకాన్ మాలిక్ మెట్ల దగ్గరే నిలబడి తీర్పు చెప్పాడు. దవాఖానాకు పోతే పోవాలి, లేదా డాబా మీద ఉండాలి, గదిలో ఉంటే గది ఖాళీ చెయ్యాలి. దవాఖానాల్లో మంచాలు లేవని వాడికీ తెలుసు. మా వరసలో మూడు గదులు ఖాళీ, అద్దెకున్నవాళ్లు ఊళ్లకు పోయారు, తాళాలు వాడి దగ్గరే ఉన్నాయి. ఒక్కటి తియ్యమని అడిగాను. రోగం పట్టిన గదికి మళ్లీ ఎవరొస్తారన్నాడు. వాడి పిల్లల జ్వరాలకు నేను ఎన్నిసార్లు గంజి కాచి పంపానో అప్పుడు గుర్తు రాలేదు కాబోలు.

నిజానికి మాలిక్ చెప్పకపోయినా మేం గదిలో ఉంచేవాళ్లం కాదు. అత్త ఉంది. ఆ ఊపిరితిత్తులకు ఈ రోగం అంటితే ఏమవుతుందో చిన్నపిల్లకు కూడా తెలుసు. "అమ్మ ఉన్న రూమ్‌ల నేను కాలు పెట్ట" అని మా ఆయన మొదటి రోజే అన్నాడు. చాప, చెంబు పట్టుకుని బయటి ఇనుప మెట్లెక్కి పోయాడు. ఇక మాకున్నది ఒక్కటే పని, పద్నాలుగు రోజులు ఆయన్ని పైన ఉంచడం.

డాబా నేల పగలంతా పెనంలా కాలేది. చాప మీద వీపు ఆనించలేకపోయాడు. మాకు మంచం లేదు. ఐదుగురున్న గదిలో మంచం వేస్తే మనుషులెక్కడుంటారు? అప్పుడు ఆయనే తొట్టెల కట్టుకున్నాడు. ఇంట్లో ఉన్న కోరా బట్ట తాను పైకి పంపమన్నాడు. నాలుగు మడతలు వేసి, ఒక కొస నీళ్ల ట్యాంకు ఇనుప కాలికి, రెండో కొస పిట్టగోడలోని రాడ్డుకు బిగించాడు. మా వైపు పసిపిల్లల ఊయలను తొట్టెల అంటాం. అంత మనిషి అందులో ముడుచుకుని పడుకుంటే పిల్లలు కింది నుంచి చూసి ఒకటే నవ్వు. "అమ్మా, బాపుకు జోల పాడుదామా?" అని చిన్నది. అత్త కూడా నవ్వింది, నవ్వి దగ్గింది. "గీన్ని తొట్టెలల పండవెట్టి ముప్పై ఎనిమిదేండ్లాయె, మల్ల గిప్పుడు చూస్తున్న" అంది.

ఎండకు నా పాత చీర పైన కట్టాం, సరిపోయింది. ఆరో రోజున తుఫాను వస్తోందని టీవీలో చెప్పారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. చీర వానను ఆపదు. తాడ్‌పత్రి కావాలి.

మంచి తాడ్‌పత్రి ఎక్కడుందో మా ఆయనకు బాగా తెలుసు. కార్ఖానా మూసే రోజు ఎనిమిది సాంచాలకూ ఆయనే తన చేతులతో కొత్త తాడ్‌పత్రులు కప్పాడు, నాలుగు మూలలా తాళ్లు బిగించి, గాలి దూరకుండా. పైనుంచి ఫోన్ చేశాడు. "సేటును అడుగు. ఒక్కటిస్తడు. పన్నెండేండ్లు చేసిన, గంత లేదా?"

అడిగాను. బతిమాలాను అనాలి. రెండు రోజులకు ఇవ్వండి, ఉతికి ఆరబెట్టి మడతపెట్టి తెస్తానన్నాను. సేటు నెమ్మదస్తుడు, అరవడు. ఎంతో ఓపికగా చెప్పాడు. "భాభీ, ఆద్మీ భీగేగా తో సూఖ్ జాయేగా. మషీన్ భీగీ తో గయీ." మనిషి తడిస్తే ఆరతాడట, మిషను తడిస్తే పోయినట్టేనట. తబియత్ జాగ్రత్త అని కూడా చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆ మాట మా ఆయనకు చెప్పలేదు. కార్ఖానా తాళం దొరకలేదట అన్నాను.

కొనడానికి పోయాను. దుకాణాలన్నీ బంద్. ఒక తాడ్‌పత్రి దుకాణపోడు మాత్రం షట్టరు మోకాలి ఎత్తున లేపి, లోపల కూర్చుని అమ్ముతున్నాడు. నేను రోడ్డు మీద గొంతుక్కూర్చుంటే, వాడు కిందినుంచి రెండు ముక్కలు తోశాడు. ఒకటి నీలం. పలచన, వదులు నేత, పట్టుకుంటే చాక్లెట్ కాగితంలా గరగర. రెండోది బూడిద రంగు. చిక్కటి నేత, చేతికి నిండుగా ఉంది. ధర దీనికే తక్కువ.

ఇక్కడ మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. మా నాయన మగ్గం మనిషి. "బట్టను కండ్లతోని కాదు బిడ్డా, బొటనవేలితోని చూడాలె" అనేవాడు. మా వాళ్లందరికీ అదే చదువు. పెళ్లిచూపుల్లో కూడా మా అత్త ముందు నా ముఖం చూడలేదు, నా చీర కొంగు పట్టి చూసింది. కాబట్టి నేనూ ఆ రెండు ముక్కల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాను. ఎండకు ఎత్తి చూశాను. నీలంలోంచి వెలుతురు కనిపించింది. బూడిద రంగులోంచి సూది మొనంత కూడా రాలేదు. గోటితో పోగులు జరిపి చూశాను, జరగలేదు.

"బెహన్, బునాయీ మత్ దేఖో" అన్నాడు లోపలినుంచి. నేత చూడొద్దట. ఈ నీలం దానికి రెండు వైపులా ప్లాస్టిక్ పూత ఉంది, వానను ఆపేది పూతేనట. బూడిద రంగుది పూత లేనిది, మార్కెట్లో మాల్ మూటలు కట్టడానికి వాడేదట. "పానీ నహీ రుకేగా", నీళ్లు ఆగవని మళ్లీ చెప్పాడు.

నాకు ఒళ్లు మండింది. నేత చూడొద్దని నాకు చెబుతాడా? నేతగాని బిడ్డకు, నేతగాని పెండ్లానికి! ఖరీదుది అంటగట్టడానికి వేసే వేషాలు నాకు తెలియవా? వీళ్లు ఏది వద్దంటారో అదే మంచి మాల్ అని సూరత్ నాకు నేర్పిన పాఠం. బూడిద రంగుదే తీసుకున్నాను. వాడు తల అడ్డంగా ఊపి డబ్బులు లోపలికి లాక్కున్నాడు. ఇంటికొచ్చే దారంతా గెలిచినట్టే నడిచాను.

ఇంట్లో అత్త ముందు పరిచాను. ఆమె కూడా బొటనవేలు పెట్టి రుద్దింది, అంచు తిప్పి చూసింది. "బట్ట మంచిగున్నది. నీకు నోరొక్కటే అనుకున్న, చెయ్యి గూడ ఉన్నది" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్నది అదే మొదలు. పైకి పంపాక మా ఆయన ఫోన్లో "ఏం గట్టి నేతనే గిది, సేటు దానికన్న నయం" అన్నాడు. మాలో ఒక్కరికి, కనీసం ఒక్కరికి, చెంబెడు నీళ్లు పోసి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు. బట్టను నీళ్లు పోసి ఎవరు చూస్తారు? మా పుట్టుకలో లేదు ఆ పద్ధతి.

మర్నాడు పొద్దున్నే వాన దిగింది. నేను మెట్ల మీద సగందాకా ఎక్కి, చీర కొంగు ముక్కుకు కట్టుకుని చూస్తున్నాను. తాడ్‌పత్రి తొట్టెల మీద, మగ్గానికి పడుగు లాగినట్టు బిగుతుగా, చదునుగా నిలబడింది. గాలికి తాళ్లు మూలిగాయి కానీ ఒక్క ముడి జారలేదు. కొంతసేపటిదాకా తొట్టెల పొడిగానే ఉంది. ఆయన అందులోంచి చెయ్యి ఎత్తి నాకు ఊపాడు. నేను దుకాణపోణ్ని మనసులో నాలుగు తిట్టాను.

ఆ తర్వాత దాని అడుగున చెమట పట్టినట్టు కనిపించింది. పోగూ పోగూ కలిసే ప్రతి చోటా ఒక చిన్న చుక్క. ముందు నేను గాలికి కొట్టిన జల్లు అనుకున్నాను. ఆ చుక్కలు లావయ్యాయి, కలిశాయి, రాలాయి. చూస్తుండగానే నడుమ నీటి మడుగు దిగి, అది మొత్తం ఆయన ఛాతీ మీదికి కారడం మొదలైంది. కోరా బట్టలోని గంజి తడిసి జిగురైంది. ఆయన దిగి ట్యాంకు పక్కన నిలబడ్డాడు. అక్కడా వానే. గజగజ వణుకుతున్నాడు.

"దిగిరా!" అని అరిచాను.

"అమ్మ ఉన్నది. నేను రాను" అన్నాడు. పళ్లు కొట్టుకుంటున్నాయి.

మాలిక్ దగ్గరికి ఉరికాను, గది తాళం అడిగాను. తలుపు తియ్యలేదు. లోపల టీవీలో తుఫాను వార్తలు వినిపిస్తున్నాయి. వాడి తలుపును కాలితో తన్నాను. ఇప్పటికీ నా బొటనవేలి గోరు వంకరే. తిరిగి వచ్చేసరికి అత్త గడపలో నిలబడి ఉంది, చేతిలో దమ్ము పంపు.

"ఏందే చూస్తున్నవ్? పోయి తీస్కరా."

"వద్దత్తా. నీకంటుకుంటది."

"నా కొడుకు కుక్కలెక్క వానల తడుస్తుంటే నేను గీడ కూసుండి గాలి పీల్చుకోవాల్నా? జర నువ్వు పోతవా, నన్ను ఎక్కుమంటవా?" అంటూ నిజంగానే ఇనుప మెట్ల మీద కాలు పెట్టింది. ఒకటి, రెండు, మూడో మెట్టు దగ్గర ఆయాసంతో ఆగిపోయి కమ్మీ పట్టుకుంది. వానలో పూర్తిగా తడిసింది. అది పైనుంచి చూసి ఆయన దిగివచ్చాడు. తల్లిని తాకకుండా ఎట్లా దింపాలో తెలియక మెట్ల మీదే నిలబడి ఏడ్చాడు. నేనే దింపాను.

గదిని చీరతో రెండు భాగాలు చేశాం. ఎవరిని ఆపడానికి? చీర వాననే ఆపదు. అత్త రాత్రీ పగలూ చీర అవతలినుంచి "తిన్నవా బిడ్డా" అని అడుగుతూనే ఉండేది. ఐదో రోజు ఆ అడగడం తగ్గింది. దవాఖానాలో మంచం దొరికింది, దొరికేసరికి ఆలస్యమైంది. అత్త ముఖం చూపించలేదు. తెల్లటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దూరం నుంచి చూపించారు. దానికి నేత లేదు, పోగు లేదు. నీళ్లు దూరే సందు ఎక్కడా లేదు.

మా ఆయన బతికాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని, ఇద్దరం గట్టిగా ఏడ్చేవాళ్లం. "నేను గూడ మంచిగున్నదన్న కదనే" అన్నాడు అంతే. ఇప్పుడు ఎనిమిది సాంచాలు నడపలేడు. నాలుగింటి దగ్గరే ఊపిరి ఎగపోస్తుంది.

కార్ఖానా తెరిచిన రోజు సాంచాల మీది తాడ్‌పత్రులు విప్పింది కూడా ఆయనే. ఒక్క చుక్క పడలేదని సేటు అందరికీ చూపించి మురిశాడట. తల్లి పోయిందని ఎవరో చెప్పారు కాబోలు, సాయంత్రం ఒక తాడ్‌పత్రి మడిచి ఆయన చేతిలో పెట్టాడు. వానాకాలం కదా, పనికొస్తుంది, ఉంచుకో అన్నాడట.

మా ఆయన తెచ్చి గది మూలన పెట్టాడు. నేను విసిరి రోడ్డు మీద పారేద్దామనే లేచాను. చేతిలోకి తీసుకోగానే, అలవాటు చావదు కదా, బొటనవేలు దానంతట అదే రుద్దింది. వదులు నేత. పూత కింద పోగులు ఎడంఎడంగా తగులుతున్నాయి. మా నాయన చూస్తే మూతి విరిచేవాడు, అత్త చూస్తే నేలకేసి కొట్టేది.

డాబా మీదికి తీసుకుపోయాను. ట్యాంకు దగ్గర నాలుగు ఇటుకలు పెట్టి, వాటి మీద పరిచి, నడుమ గుంట చేసి చెంబెడు నీళ్లు పోశాను. పక్కన కూర్చున్నాను. కింద చెయ్యి పెట్టి చూశాను, పొడి. ఇంకో చెంబు పోశాను. పిల్లలు అన్నానికి పిలిచారు, పోలేదు. పొద్దు వాలాక మా ఆయన మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, నన్నూ ఆ నీళ్లనూ చూశాడు.

"ఇగ చాలు. పారబొయ్యి" అన్నాడు.

నేను మళ్లీ అడుగున చెయ్యి పెట్టాను. పొడిగానే ఉంది.