దేశానికి రెండో జట్టు, మా ఇంటి పిల్ల

మా మనవరాలు రగ్బీ ఆడుతుంది. దేశం తరఫునే ఆడుతుంది, కానీ రెండో జట్టులో. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. అది తెలియకే మేము ఒకసారి నవ్వులపాలయ్యాం.

ఎంపికైందని ఫోను రాగానే మా అబ్బాయి, ఈ హిందీ రాష్ట్రంలో మేముండే బారిడీహ్‌లో మా వీధి వీధంతా తిరిగి చెప్పొచ్చాడు. మావాళ్లలో ఏ మేలు జరిగినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతాం. ఉద్యోగం వచ్చినా పెడతాం, ఆపరేషను బాగా జరిగినా పెడతాం. వాకిట్లో షామియానా వేయించి, కోడి పలావు వండించి, సంఘాన్నంతా పిలిచాం. దేశం జెండా గుండెల మీద పెట్టుకుని ఆడే బిడ్డను ఈ వీధిలోంచి లేవనెత్తావు ప్రభువా అని పాస్టరుగారు ప్రార్థన చేశారు. తర్వాత పిల్లను సాక్ష్యం చెప్పమన్నారు. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది హిందీయే.

"సబ్ కో థాంక్యూ. లేకిన్ యే సెకండ్ టీమ్ హై. మెయిన్ టీమ్ అలగ్ హై," అని, ఇది రెండో జట్టే, అసలు జట్టు వేరని చెప్పి కూర్చుంది.

మా పక్కింటావిడకు నోరు ఊరుకోదు. నా చెవి దగ్గరకు వంగింది.

"అయితే వదినా, ఇప్పుడు సేసిన స్తుతిలో సగం ఎనక్కి తీసీసుకుందుమా ఏటి?"

"ముందు నువ్వు తిన్న పలావు ఎనక్కి పెట్టీ. తరవాత సూద్దాం," అన్నాను.

అందరూ వెళ్లాక మా అబ్బాయి కూతుర్ని కూర్చోబెట్టి రెండో జట్టంటే ఏమిటని అడిగాడు. అది దాచుకోకుండా చెప్పింది. మొదటి జట్టు పెద్ద పోటీలకు వెళ్తుంది. రెండో జట్టు ఇతర దేశాల రెండో జట్లతో ఆడుతుంది. మిగిలిన రోజుల్లో మొదటి జట్టుకు ఎదురు నిలబడి దెబ్బలు తిని వాళ్లను గట్టిపరుస్తుంది. అక్కడ ఎవరికైనా కాలో చెయ్యో విరిగితే ఇక్కడి నుంచి ఒకరిని తీసుకుంటారు.

నాకైతే వెంటనే అర్థమైంది. నేను ఉక్కు ప్లాంటులో రేజాగా, అంటే ఆడకూలీగా, ఇటుకలూ ఇసకా మోసినదాన్ని. పర్మినెంటువాళ్లూ మేమూ ఒకే కొలిమి వేడికి ఉడికేవాళ్లం. గేటు మాత్రం వేరు, క్యాంటీను వేరు. మా అబ్బాయీ కాంట్రాక్టులోనే ఉన్నాడు. క్రేను కొక్కేనికి ఇనప దూలాలు తగిలించే పని. వాడికి ఆ మాట నాకంటే లోతుగా తగిలింది.

"నా బతుకంతా కాంట్రాక్టులోనే తెల్లారిపోయింది. నా కూతురికి ఆటలో కూడా కాంట్రాక్టేనేటి?" అన్నాడు.

మొదటి జట్టు విదేశం వెళ్లబోతోంది. వెళ్లే ముందు రెండు జట్లకూ ఇక్కడే, మా ఊళ్లోనే, ఒక ఆట పెట్టారు. అందులో బాగా ఆడినవాళ్లను పైజట్టులోకి తీసుకుంటారట. వాడు కూతురికి గడువు పెట్టేశాడు.

"ఆ మేచ్‌లో నిన్ను పైకి తీసుకుంటే సరే. నేకపోతే బూట్లు మూలన పడీసి నర్సింగులో సేరిపో. ఇంక మాటనేదు."

పిల్ల ఎదురు చెబుతుందనుకున్నాను. "ఠీక్ హై పప్పా," అని బూట్ల మట్టి గీక్కుంటూ కూర్చుంది. అరిచి ఏడ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

ఆట రోజు పొద్దున్నే మా అబ్బాయి స్కూటరు మీద నన్ను కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. చలి. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. మా పిల్ల హాస్టల్లో ఉండి నేర్చుకున్న ఆట అది. నేను అంతకుముందు చూసింది లేదు. ఆడపిల్లలు బంతాట ఆడుకుంటారు కదా, చప్పట్లు కొట్టి వచ్చేద్దామన్నట్టు శాలువా కప్పుకుని కూర్చున్నాను.

మొదటి గుద్దు చప్పుడుకే కుర్చీలోంచి లేచిపోయాను. జుగ్సలాయి గోదాముల దగ్గర లారీ మీంచి బియ్యం బస్తా కింద పడితే వచ్చే చప్పుడు అది. ఇవి మనుషుల ఒళ్లు. అందులో ఒకటి మా ఇంట్లో పుట్టిన ఒళ్లు. పడిన పిల్ల కనీసం దుమ్మయినా దులుపుకోదు. లేచి మళ్లీ పరుగే. బంతిని చేత్తో ముందుకు విసరకూడదట. మనిషి ముందుకే పరిగెత్తాలి, బంతి మాత్రం వెనకున్నవాళ్లకే ఇవ్వాలి. వెనక ఎవరో ఒకరు ఉంటారని నమ్మి, చూడకుండా వదిలేస్తున్నారు. ఉంటున్నారు కూడా. ఈల పట్టుకున్న సన్నటి మనిషి చెయ్యెత్తితే చాలు, అంతంత బలమైన పిల్లలు కిక్కురుమనకుండా ఆగిపోతున్నారు.

ఆ తర్వాత చూసిందాన్ని ఎలా రాయాలో నాకు చేతకావడం లేదు. అయినా రాస్తాను. రెండు జట్లలోనూ బలమైనవాళ్లు భుజాలు భుజాలకు పెనవేసుకుని, నడుములు వంచి, ఎదుటివాళ్ల తలల సందుల్లో తలలు దూర్చి, ఒకరినొకరు తోసుకుంటారు. దాన్ని స్క్రమ్ అంటారట. మా పిల్ల ముందు వరసలో, నట్టనడుమ. నడుమనున్నదానికి చేతులు ఖాళీ ఉండవు. అటొకదాని మీద, ఇటొకదాని మీద వేసేసి ఉంటుంది. వెనకవాళ్ల తోపుడంతా, ఎదుటివాళ్ల తోపుడంతా దాని మెడ దగ్గర కలుస్తుంది. పడితే ఆనుకోవడానికి ఒక్క చెయ్యీ ఉండదు. ఆ చలిలో ఆ గుంపు మీంచి ఆవిరి లేచింది. మూలుగు లేదు, కేక లేదు, ఊపిరి ఒక్కటే. ప్లాంటులో కరిగిన ఇనుము మొదటిసారి కాలవలో పారుతుంటే చూసి, అక్కడే మోకరించాలనిపించింది నాకు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అలా అనిపించింది ఆ పొద్దున.

మా అబ్బాయి తాడు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఎదుటి జట్టులో నడుమనున్న పిల్లను చూపించాడు.

"అమ్మా, ఆ గుంట జాగా ఒక్కటే దీనికి సరిపడేది. అది తప్పుకుంటేనే మనది పైకెల్తాది."

ఆట చివరికొచ్చేసింది. మావాళ్లు గీత దగ్గరకు తోసుకెళ్లిపోయారు. ఇంకొక్క తోపు తోస్తే పాయింట్లు మావే. స్క్రమ్ పట్టారు. మా అబ్బాయి "తొయ్యే! తొయ్యే!" అని గొంతు చించుకుంటున్నాడు. మొదటి జట్టు వరస నడుమన కుంగింది. మావాళ్లు గెలుస్తున్నారని నేనూ అరిచాను.

అప్పుడు లోపలి నుంచి కేక వినిపించింది. "గర్దన్! గర్దన్!" మెడ, మెడ అని. మా పిల్ల గొంతే.

ఆ మాట వినగానే మావాళ్లందరూ తోపుడు ఆపేశారు. ఈల ఇంకా పడనేలేదు. వెనకవాళ్లు పట్టు వదిలారు. ముందువాళ్లు పట్టు వదలకుండానే మెల్లగా మోకాళ్ల మీదికి దిగారు. ఎదుటి జట్టులో నడుమనున్న పిల్ల తల, గడ్డం రొమ్ముకు ఆనేలా, మడతపడిపోయి ఉంది. వెనకనున్న సొంతవాళ్లకది తెలియదు, వాళ్లింకా తోస్తున్నారు. ఆ బరువంతా మా పిల్ల తన భుజంతో ఆపి, ఆ పిల్ల తల మెల్లగా నేలకు దిగేదాకా కదల్లేదు. డాక్టరు పరిగెత్తాడు. ఆ పిల్ల లేచి మెడ తడుముకుంది. చేతులు కదిపింది. నడిచే బయటికి వెళ్లింది.

మళ్లీ స్క్రమ్ పెట్టించారు. ఈసారి బంతి అవతలివాళ్లకు చిక్కింది. మావాళ్లు ఓడిపోయారు.

గెలిచినవాళ్లు రెండు వరసలుగా నిలబడి, ఓడినవాళ్లను మధ్యలోంచి చప్పట్లతో పంపించారు. అది వాళ్ల పద్ధతట. ఆ తర్వాత కోచ్ పైజట్టులోకి తీసుకున్నవాళ్లను పిలిచాడు. మా పిల్లను పిలవలేదు. మెడ మడతపడిన ఆ పిల్లకు ఏమీ కాలేదని డాక్టరు చెప్పాడు. విదేశం అదే వెళ్తుంది.

పిల్ల మా దగ్గరకు వచ్చింది. చెవి ఎర్రగా వాచిపోయి ఉంది. నాకు లోపలొకటి పెట్టుకుని పైకొకటి మాట్లాడడం రాదు. అడిగేశాను.

"ఓలే, నువ్వొక్క గడియ నోరు మూసుకునుంటే ఆ జాగా నీదే గదే?"

నేనేదో పాడుమాట అన్నట్టు చూసింది.

"నానమ్మా, ఉస్కా గర్దన్ మేరే కంధే పే థా," అంది. ఆ పిల్ల మెడ నా భుజం మీద ఉంది నానమ్మా, అని.

అంతే. తాను చేసింది మంచిపనని కూడా దానికి తోచినట్టు లేదు. పక్కనున్న పిల్ల నీళ్ల సీసా అందిస్తే గటగటా తాగింది. నాకంటే పొట్టిది. తల దువ్వుతుంటే చిన్నప్పుడు ఏడ్చేది. దాన్ని అలాగే చూస్తూ నిలబడిపోయాను.

మా అబ్బాయి దాని దగ్గరకు వెళ్లాడు. గడువు పెట్టింది వాడు. ఇప్పుడు ఏమంటాడోనని నేనూ వెనకే వెళ్లాను. వాడు ఆయిలు మరకల చేత్తో దాని మెడ వెనక పట్టుకున్నాడు.

"నొప్పుందేటి?"

"థోడా."

"అటు తిప్పు. ఇటు తిప్పు."

తిప్పింది. వాడు చెయ్యి తీయలేదు. పని చోట కొక్కెం జారితే కింద నిలబడే మనిషి వాడు. ఎవరో ఒకరు అరవబట్టే ప్రతిరోజూ ఇంటికొస్తున్నాడు. అదంతా అక్కడ ఎవరూ అనలేదు, నేనిప్పుడు రాస్తున్నాను.

"మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు మీ జట్టుని?" అన్నాడు.

అది తండ్రి ముఖంలోకి చూసింది, సరిగ్గా విన్నానా అన్నట్టు.

"కౌన్సీ టీమ్, పప్పా?" అంది. ఏ జట్టు, అని.

"నీ జట్టేనే. రెండోది."