పెట్టె వెనక పేర్లు

గజేందర్ సంగీతంలోకి పాట పట్టుకుని రాలేదు, స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు. ఖతర్‌లోని మెసయీద్‌లో ఒక ప్లాంటులో ఎలక్ట్రీషియన్ అతను. సొంతూరు మెట్‌పల్లి దగ్గర. క్యాంప్‌లో పక్క గదిలో ఆర్నెల్ అని ఫిలిప్పీన్స్ మనిషి ఉండేవాడు. ఆ ఆర్నెల్ ఒక శుక్రవారం వచ్చి, తమ బ్యాండు వాళ్ళ ఆంప్లిఫైయర్ ఒకటే గుంయ్‌మంటోంది, వచ్చి చూడమని బతిమాలాడు. సెలవు రోజున కూడా ఈ వైర్ల గొడవేనా అని గొణుక్కుంటూనే గజేందర్ అతనితో అబూ హమూర్ అనే పేటకి వెళ్ళాడు.

అక్కడ రయీస్ అనే హైదరాబాదీ ఇంటి వెనక ఒక గది ఉంది. రయీస్ వెస్ట్ బేలో ఆఫీసు ఉద్యోగి, గిటార్ పిచ్చోడు. శుక్రవారం వస్తే ఆ గదిలో నలుగురైదుగురు పోగవుతారు. గజేందర్ ఆంప్ విప్పి, ఊడిపోయిన ఎర్త్ వైరు అతికించి, పని సరిగ్గా అయిందో లేదో చూద్దామని బేస్ గిటార్ లావు తీగను ఒక్కసారి మీటాడు. కాళ్ళ కింద నేల అదిరింది. అరికాళ్ళలోంచి ఏదో పైకి పాకి ఛాతీలో కూర్చుంది. ఇంకోసారి మీటాడు. బాగైంది కదా భాయ్, ఇక చాలు అని రయీస్ చెయ్యి పట్టుకునేదాకా మీటుతూనే ఉన్నాడు.

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషికి కొత్తగా పిచ్చి పడితే ఎలా ఉంటుందో చూడాలంటే అప్పటి గజేందర్‌ని చూడాలి. ఆర్నెల్ దగ్గర నేర్చుకున్నాడు. బేస్ అంటే కూరలో ఉప్పు లాంటిదని, ఉన్నప్పుడు ఎవరూ మెచ్చుకోరని, లేనప్పుడే అందరూ మొహాలు చూసుకుంటారని ఆర్నెల్ తనకొచ్చిన హిందీలో చెప్పేవాడు. ఇక సామాన్ల సంగతి సరేసరి. ఆ గదిలో వాయించేది గంట, వాదించుకునేది మూడు గంటలు. పదంగుళాల స్పీకర్ మేలని ఒకడంటే, పదిహేనంగుళాలది లేకపోతే అది బేసే కాదని ఇంకొకడు. ఎనిమిది ఓమ్‌లా, నాలుగు ఓమ్‌లా, పెట్టెకు ప్లైవుడ్డా, వట్టి చెక్కపొట్టు షీటా. ఆ వాదాల్లో తీర్పు మాత్రం గజేందర్‌దే. స్పీకర్ మీద చెయ్యి పెట్టి ఇది ఎంత లోతు పలుకుతుందో చెప్పేసేవాడు.

ఆ గదికి ఒక పెద్ద స్పీకర్ పెట్టె ఉంది. నాలుగు స్పీకర్లది, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. అది ఎవరి సొత్తూ కాదు, గది దాటి పోకూడదు. ఖతర్ వదిలి పూర్తిగా వెళ్ళిపోయేవాడు దాని వెనక తన పేరు, వాయించడం మొదలుపెట్టిన ఏడు, ఒక గీత, వెళ్ళిపోతున్న ఏడు రాయాలి. ఎవరి పేరు వాళ్ళే, తమ చేత్తోనే రాసుకోవాలి. ఏడుగురి పేర్లున్నాయి. ఏడో పేరు ఆర్నెల్‌ది. అది రాసిన రోజున ఆర్నెల్ తన బేస్ గిటార్ గజేందర్ మెడలో వేసి, బయటికి పోయి సిగరెట్ ముట్టించుకున్నాడు.

ఊళ్ళో గజేందర్‌కి ఉన్నది భార్య శోభ. పిల్లలు కలగలేదు. శోభ బీడీలు చుట్టేది. ఆమె తల్లి పోచవ్వ వాళ్ళతోనే ఉండేది. ప్రతి శుక్రవారం పొద్దున క్యాంప్ బస్సు గజేందర్‌ని అందరికంటే ముందే అబూ హమూర్‌లో దించేది. తొమ్మిదింటికి గదిలో ఒక్కడే. ఫోన్‌ని నీళ్ళ సీసాకి ఆనించి, వీడియో కాల్ పెట్టి, బేస్ భుజాన వేసుకునేవాడు. అక్కడ పదకొండున్నర. శోభ ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు చుడుతూ చూసేది. పావుగంట వాయించేవాడు. ఆమె తల ఊపేది. అతను ఆపగానే "మస్తుంది" అనేది. ఆ ఒక్క మాటతో అతనికి వారమంతా డ్యూటీ గడిచిపోయేది.

రెండేళ్ళు ఇలాగే సాగింది.

రయీస్ సెలవు మీద హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఒకనాడు ఫోన్ చేశాడు. కొత్త పాటలో బేస్ ఎలా నడుస్తుందో ఒకసారి వాయించి వినిపించమన్నాడు. గజేందర్ శోభకి పెట్టినట్టే ఫోన్ సీసాకి ఆనించి మొత్తం వాయించాడు.

"షురూ చెయ్ భాయ్" అన్నాడు రయీస్.

"షురూ ఏంది? అయిపోయింది గద!"

"అరే, నాకేం ఇనొస్తలేదు. నీ గోళ్ళు తీగకు తాకినట్టు టక్ టక్ అంటుంది, గంతే." రయీస్ నవ్వాడు. "ఫోన్ల స్పీకర్ ఎంతుంటది భాయ్, గోరంత. దాంట్ల బేస్ యాడికెల్లి పలుకుతది? ఫోన్‌కు అది ఫ్యాను సప్పుడు లెక్క, కట్ చేస్తది. నీకు నేను చెప్పాలెనా?"

చెప్పక్కర్లేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. స్పీకర్ ఎంతుంటే ఎంత పలుకుతుందో గదిలో అందరికీ పాఠాలు చెప్పిన మనిషికి, చేతిలో ఫోన్‌కున్న స్పీకర్ ఎంతో రెండేళ్ళలో ఒక్కసారి తట్టలేదు. రయీస్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. గజేందర్ ఫోన్ పెట్టేసి ఆ పెద్ద పెట్టె మీదే కూలబడ్డాడు.

తర్వాత శుక్రవారం అతను బేస్ ముట్టుకోలేదు. ఫోన్ కలవగానే అడిగాడు.

"శోభా, నిజం చెప్పు. నేను వాయించేది నీకెన్నడన్న ఇనొచ్చిందా?"

ఆమె చాటలో బీడీ ముక్కల్ని సర్దింది. "లేదు."

"మరి మస్తుందంటివి గదనే!"

"నువ్వు వాయిస్తుంటే మస్తుగనే ఉంటవ్ గద. నీ ఏళ్ళు చూస్తుంటి. ఏళ్ళు ఆగంగనే మస్తుందంటి." చెబుతూ చెబుతూ దగ్గింది. దగ్గు ఆగాక నవ్వింది. "ఏమో, దుబాయ్ పాటలు గట్లనే ఉంటయేమో, సప్పుడు రాకుంట, అనుకున్న."

గజేందర్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాడు. ఈసారి ఇంటికొస్తే ఆంప్ తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టి వినిపిస్తానని మాటిచ్చాడు. "తే మరి, ఒక్కసారి ఇంట" అన్నది శోభ.

ఆ దగ్గు మామూలు దగ్గు కాదు. నెల తిరక్కుండానే కరీంనగర్ ఆసుపత్రిలో చూపించారు. పోచవ్వ వాకిట్లోకి వచ్చి, చాటుగా, గొంతు తగ్గించి అల్లుడికి ఫోన్ చేసింది. "ఊపిరితిత్తులల్ల పెద్ద రోగమట బిడ్డా. ఆరు నెలలు అన్నరు. దానికి చెప్పలే. దమ్ము బీమారి అని చెప్పినం. నువ్వు గూడ గట్లనే చెప్పు."

అతను అట్లాగే చెప్పాడు. వట్టి ఉబ్బసమేనని, దమ్ము బీమారికి మంచి మందులున్నాయని, భయం లేదని, ఇక్కడ ఎంతమందికి తగ్గిందో అని నోటికొచ్చినవన్నీ చెప్పాడు. శోభ అన్నిటికీ "ఆ, తగ్గుతది" అన్నది.

ప్లాంటులో అప్పుడే షట్‌డౌన్ పనులు, అంటే అంతా ఆపి చేసే మరమ్మతులు, మొదలయ్యాయి. అవి అయ్యేదాకా ఎవరికీ సెలవు లేదు. ఆరు నెలలున్నాయి కదా, నలభై రోజులు ఓర్చుకుంటే ఇక పూర్తిగానే వెళ్ళిపోవచ్చు అని లెక్క వేసుకున్నాడు గజేందర్. డాక్టర్లు చెప్పిన నెలల్ని పట్టుకుని మనిషి ఎలా లెక్కలు కట్టాడో తల్చుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. అతని మీద కాదు. ఎవరి మీదో కూడా తెలియదు.

మాట నిలబెట్టుకోవడం ఎలాగో గదిలో అందరూ కలిసి ఆలోచించారు. ఆ రోజు ఎవరూ వాదించుకోలేదు. కార్గోలో వేస్తే చేరేసరికి నెల దాటుతుంది. విమానంలో పెట్టె పట్టదు. చివరికి తేలింది ఇది: పెట్టెలో బరువంతా చెక్కదే. చెక్క ఊళ్ళో దొరుకుతుంది. రయీస్ తన సొంత పెట్టె విప్పి పదంగుళాల స్పీకర్ ఊడదీసి ఇచ్చాడు. ఆంప్ చిన్నది, పుస్తకమంత. బేస్ గిటార్ మెడ స్క్రూలు విప్పి రెండు ముక్కలు చేస్తే సూట్‌కేసులో పడుతుంది. గజేందర్ పెట్టె కొలతలు కాగితం మీద గీసి, ఫొటో తీసి శోభకి పంపాడు. ఊరి వడ్రంగి జలంధర్ చేత చేయించమన్నాడు.

శోభకి పని దొరికింది. మంచం మీంచి లేచి, గోడకి ఆనుకుని, జలంధర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేయించింది. ఫోన్లో రోజూ అదే ముచ్చట. "కోళ్ళగూడు చేయిస్తున్నవా వదినా అని నవ్వుతుండు జలంధర్. నవ్వని తియ్. సందు లేకుంట అతకవెట్టమన్న. గాలి పోవద్దంటివి గద?"

"పోవద్దు. గాలి పోతే సప్పుడు పోతది."

"పోనియ్య" అన్నది శోభ, ఆయాసపడుతూ.

వెళ్ళడానికి పదిహేను రోజుల ముందు ఒక శుక్రవారం గజేందర్ గదిలో పెద్ద పెట్టెని గోడ దగ్గర నుంచి లాగి, వెనక తన పేరు రాసుకున్నాడు. ఆర్నెల్ పేరు కింద ఎనిమిదోది. రాసి, ఫోన్ తిప్పి శోభకి చూపించాడు.

"గవి ఎవరి పేర్లు?"

"పోయినోళ్ళయి. ఒచ్చిన సాలు, పోయిన సాలు."

"పోయేముందే రాసుకుంటరా?"

"ఆ. ఎవరిది వాళ్ళే రాసుకోవాలె. గది ఇక్కడి రివాజు."

శోభ ఆ పేర్లని చాలాసేపు చూసింది. "మంచి రివాజే" అన్నది.

టికెట్టుకి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, డ్యూటీలో ఉండగా పోచవ్వ ఫోన్ వచ్చింది. ఈసారి ఆమె గొంతు తగ్గించలేదు. ఆ కేకతోనే శోభ ఇక లేదని గజేందర్‌కి తెలిసిపోయింది. ఆరు నెలలన్నారు. రెండు నెలలు కూడా ఇవ్వలేదు. కంపెనీ అప్పుడు మాత్రం గంటలో కాగితం ఇచ్చింది. సర్దిపెట్టిన సూట్‌కేసు సర్దిపెట్టినట్టే ఉంది. అందులో ఏముందో కూడా తలపుకి రాకుండా పట్టుకుని విమానమెక్కాడు. తెల్లారి ఊళ్ళో దిగేసరికి వాకిట్లో పాడె కట్టి ఉంది. మొహం చూశాడు. ఆమె వేళ్ళు చూశాడు. తునికాకు రంగు ఇంకా గోళ్ళలో ఉంది.

మూడో దినం అయ్యాక మధ్యాహ్నం పోచవ్వ అతన్ని లోపలి అర్రలోకి తీసుకుపోయింది. మూలన పాత చీర కప్పిన పెట్టె. "నువ్వొచ్చినంక నీకే చూపియ్యాలెనన్నది. ఎవల్ని ముట్టనియ్యలే."

చీర తీశాడు. మంచి పని. ఎక్కడా సందు లేదు. ఎలక్ట్రీషియన్ చేతులు ఊరుకోలేదు, సూట్‌కేసు తెరిచి, లుంగీలో చుట్టిన స్పీకర్ తీసి బిగించాడు. వైరు పెట్టడానికి పెట్టెని తిప్పాడు.

వెనక, నల్ల పెన్నుతో, వంకర అక్షరాలతో రాసి ఉంది. శోభ. దాని పక్కన 2003. అది వాళ్ళ పెళ్ళయిన ఏడు. తర్వాత ఒక గీత. గీత తర్వాత ఏమీ లేదు.

గజేందర్ ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. "అత్తా, గిది ఎవరు రాసిండ్రు?"

"అదే రాసింది బిడ్డా. పెట్టె అయిననాడు పెన్ను తెమ్మన్నది. ఏం రాస్తున్నవే అంటే నా పేరన్నది. నాకు సదువురాదు. గీత గీసి ఆపితే, సగమే రాసినట్టుంది, మొత్తం రాయరాదే అన్న. మిగిలింది ఆయనొచ్చి రాస్తడన్నది."

దమ్ము బీమారి అని ఊరంతా కలిసి చెప్పిన అబద్ధానికి ఆమె "ఆ" కొడుతూనే ఉంది. అన్నీ తెలిసే కొట్టింది. ఇనొస్తలేని పాటకి తల ఊపినట్టే ఊపింది. గజేందర్ ఆ పెట్టెని రెండు చేతులా పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. నీకెట్ల తెలుసే, నాకెందుకు చెప్పలేదే అని పెట్టెనే అడిగాడు.

ఏడుపు అయ్యాక గిటార్ మెడ బిగించి, తీగలు సవరించి, వాయించాడు. అటక మీది గిన్నెలు గలగలలాడాయి. గోడకున్న శోభ చాట కదిలి కింద పడింది. పోచవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓ బిడ్డా, గింతగనం ఉంటదా దీని సప్పుడు! అది ఇనకపాయె!" అని గడపలో కూలబడి ఏడ్చింది. అతను ఆపలేదు. ఆపితే "మస్తుంది" అనే మనిషి లేదు కనక ఎక్కడ ఆపాలో అతనికి తెలియలేదు.

ఇప్పుడు గజేందర్ ఊళ్ళోనే ఉన్నాడు. మోటార్లు బాగుచేస్తాడు. పోచవ్వకి తనే వండిపెడతాడు. శుక్రవారం పదకొండున్నర అయితే ఎక్కడున్నా ఇంటికొచ్చి, ఆ పెట్టె ముందు కూర్చుని పావుగంట వాయిస్తాడు. అయిపోయాక పోచవ్వ ఎప్పుడూ అడిగేది ఒకటే, "రాసినవా బిడ్డా, అది రాయమన్నది?"

"రాస్త అత్తా" అంటాడు. పెట్టెని గోడ వైపు తిప్పి పెడతాడు. గీత పక్కన ఇంకా ఏమీ లేదు.