స్విచ్ పిడికి కట్టిన కానుగ కొమ్మ

నేను దయ్యాలను నమ్మేవాడిని కాదు. కామారెడ్డిలో చిన్నప్పటినుంచీ కరెంటు పని చేస్తున్నాను. కనబడకుండా మనిషిని పట్టుకునేది ఈ లోకంలో కరెంటు ఒక్కటే అంటూ, దయ్యం కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించేవాడిని. ఇప్పుడు ఎవరైనా చెబుతుంటే నోరు మూసుకుని వింటాను.

2011 ఎండాకాలం. ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊళ్లో ఫంక్షన్ హాలుకు జనరేటర్ బిగించే పని ఒప్పుకున్నాను. జనరేటర్ పెట్టినచోట చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. పిడి ఒకవైపు వేస్తే లైన్ కరెంటు, ఇంకోవైపు వేస్తే జనరేటర్ కరెంటు. రెండూ కలవవు. అది లేకపోతే మన జనరేటర్ కరెంటు మీటరు దాటి బయటి స్తంభాల మీదికి పోతుంది. ఈ సంగతి పదిమందికి నేర్పినవాడిని నేను.

ఆ స్విచ్ హైదరాబాద్ నుంచి రాలేదు. పెళ్లి మాత్రం వచ్చేసింది.

"పెండ్లి ఆగుతదా అన్నా? ఏదో ఒకటి చేసి నడిపియ్యి" అన్నాడు హాలు యజమాని.

వైర్లను నేరుగా బోర్డుకు కలిపాను. స్టార్ట్ చేసేముందు లైన్ కరెంటును ఆపే మెయిన్ స్విచ్ దించాలని అతనికి మూడుసార్లు చెప్పాను. అయినా నమ్మకం చాలక, పెళ్లిరోజు నేనే దగ్గరుంటానన్నాను.

ఆ ఊరి లైన్‌మన్ సాయన్నకు ఒక అలవాటుండేది. స్తంభం ఎక్కేముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి స్విచ్ దించి, దాని పిడికి పచ్చి కానుగ కొమ్మ కట్టేవాడు. ఎర్ర టేపుతో మూడు చుట్లు. పైన మనిషి ఉన్నాడు, ముట్టొద్దని దానర్థం.

"బోర్డు రాసి పెడితే సదివేటోడు ఎవడే? యాప కొమ్మ గడితే మేకలు తింటయి. కానుగైతే మేక గూడ ముట్టది" అని నవ్వేవాడు.

పెళ్లిరోజు పొద్దున హాలుకు పోతూ ఆ కొమ్మను చూశాను. సాయన్న పైన ఎక్కడో ఉన్నాడని అనుకున్నాను కూడా. పది నిమిషాల తర్వాత, కరెంటు లేక ఉక్కపోతకు పెళ్లివాళ్లు గోల పెట్టారు. పరుగున వెళ్లి జనరేటర్ స్టార్ట్ చేశాను. మెయిన్ దించలేదు. ఒకరికి మూడుసార్లు చెప్పిన మాట నేనే మరిచిపోయాను.

జనరేటర్ బరువెక్కినట్టు మూలిగి ఆగిపోయింది. బయట అరుపులు వినబడ్డాయి. వెళ్లేసరికి సాయన్న స్తంభం కింద పడి ఉన్నాడు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

జనరేటర్ గురించి ఎవరూ అడగలేదు. స్విచ్ సరిగ్గా దించలేదేమో, తాగి ఎక్కాడేమో అన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషి. నేను అక్కడే నిలబడి అన్నీ విన్నాను. ఆ సాయంత్రమే వైర్లు విప్పేసి ఇంటికి వచ్చాను. భయపడ్డాను, అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

రెండేళ్ల తర్వాత గాంధారిలో ఒక చిన్న దవాఖానకు జనరేటర్ పెట్టాను. ఈసారి చేంజోవర్ స్విచ్ చేతికొచ్చాకే పని మొదలుపెట్టాను. దాన్ని ఇనుప పెట్టెలో బిగించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మధ్యాహ్నం భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కరెంటు లేదు. లోపల ఒకామె నొప్పులు పడుతోంది.

"జల్ది చెయ్యన్నా, చీకట్ల ఏం కనవడ్తలేదు" అని నర్సమ్మ కేకేసింది.

పెట్టె తాళం తీశాను. స్విచ్ పిడికి కానుగ కొమ్మ కట్టి ఉంది. పచ్చిది. ఎర్ర టేపు, మూడు చుట్లు.

నా చెయ్యి ఆగిపోయింది. అప్పుడే పిడి పక్కన నేను వేసిన వైరు కనబడింది. పొద్దున పని జరుగుతున్నంతసేపు లైట్లు ఆగకూడదని, స్విచ్‌ను తప్పించి లైన్ కరెంటును తాత్కాలికంగా కలిపిన వైరు అది. తీయడం మరిచాను. అది ఉంటే స్విచ్ ఉన్నా లేనట్టే. బయటికి వచ్చి చూస్తే, మలుపు దగ్గర స్తంభం మీద ఇద్దరు మనుషులున్నారు.

వైరు పీకేసి, కొమ్మ విప్పి, పిడి జనరేటర్ వైపు వేసి స్టార్ట్ చేశాను. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. స్తంభం మీదివాళ్లు పని ముగించుకుని దిగారు. వాళ్లకు ఏమీ తెలియదు.

నర్సమ్మను అడిగాను. ఆ పెట్టె దగ్గరికి ఎవరూ రాలేదంది. ఎర్ర టేపు నా సంచిలోనూ ఉంటుంది కాబట్టి, నేనే కట్టి మరిచానా అని కూడా ఆలోచించాను. ఆ చుట్టుపక్కల అంతా తిరిగి వెతికాను. కానుగ చెట్టు ఒక్కటీ కనబడలేదు.

మర్నాడే సాయన్న ఇంటికి వెళ్లాను. ఆయన భార్య అరుగు మీద బీడీలు చుడుతోంది. మొత్తం చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"ఆనాడు కొమ్మ గట్టిండా?"

"కట్టిండక్కా. నేను సూసిన."

బీడీల చాట పక్కన పెట్టింది. "రెండేండ్ల సంది మంది ఆయనదే తప్పంటున్నరు. నా కొడుకు గూడ గదే అనుకుంటున్నడు" అంది. తర్వాత లోపలికి చూసి కొడుకును పిలిచింది. "గీ అన్న ఏమో చెప్తడట, కూసో."

కొడుకుకు చెప్పాను. ఆ తర్వాత ఊళ్లో నలుగురినీ కూర్చోబెట్టి చెప్పాను. నన్ను ఏమన్నారో ఇక్కడ రాయను. అనాల్సినవే అన్నారు.

గాంధారిలో ఆ కొమ్మ ఎవరు కట్టారో నాకు ఈనాటికీ తెలియదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. రెండో కొమ్మను చూసి నా చెయ్యి ఆగింది. మొదటిదాన్ని కూడా అంతే స్పష్టంగా చూశాను.