వరస చివర రెండు పనులు

"ఏటే ఈ మెట్లు? ఆ కంట్రాక్టరు మేడెక్కడానికా?" అన్నాడు మా అబ్బాయి, ప్రింటరులోంచి వచ్చిన కాగితం చూసి.

"నాను కొట్టింది కాదు బావా. ఫ్లాపీలోంచి అలగే వచ్చింది," అంది కోడలు.

"ఎలగొస్తేనేటి. రేపు ఆటోనగర్ నుంచి మనిషొత్తాడు, ఈ కంప్యూటర్ అమ్మేత్తాను. మనకి టైపు మిషన్లు సాలు."

"పొద్దున్నకి ఈ పని అయితేనో?"

"అయితే అప్పుడు సూద్దాం."

గాజువాకలో మాది టైపు కొట్టు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు కావడంతో కంట్రాక్టర్ల పనే ఎక్కువ. నా తమ్ముడి కూతురే నా కోడలు. పోరు పెట్టి పాత కంప్యూటరూ, ప్రింటరూ కొనిపించింది. ఆ సాయంత్రం ఒక కంట్రాక్టరు ఆఫీసు ఫ్లాపీలో పంపిన పనిని కాగితం మీదికి తీయాలి. తీస్తే మొదటి వరస ఆగినచోట, దాని కిందనే రెండోది మొదలైంది. మూడోది ఇంకా కుడికి జరిగింది. తరవాతవి కాగితం దాటి పోయాయి.

నేను అబ్బాయి పక్షమే. కాగితాల కట్ట నా పెట్టెలో, తాళం నా బొడ్డున ఉండేది.

"ఇంక తెల్ల కాగితం ఇవ్వను. పాడుసేసినవాటి వెనకాలే సూసుకో," అన్నాను.

"ఇలా రా అత్తా," అని కోడలు నన్ను టైపు మిషను దగ్గరికి పిలిచింది. "ఈ మీట తోస్తే ఏటవుద్ది?"

"కాగితం ఒక వరస పైకెళ్తాది. కాగితం మోసే బండి వరస మొదటికొత్తాది."

"రెండు పనులు కదా. మన కంప్యూటరు వరస చివర రెండింటికీ రెండు గుర్తులు పెడతాది. ఆళ్ల ఆఫీసులో పెద్ద మిషను ఇంకో రకం. 'కిందికి దిగు' అని ఒకటే పెడతాది. దానికది సాలు, మన ప్రింటరుకి సాలదు."

ఒక మాట కొట్టి, మీట ముట్టకుండా రోలరు పిడి మాత్రం తిప్పి ఇంకో మాట కొట్టింది. అచ్చం అవే మెట్లు. నేను చదివింది రెండో తరగతి. కళ్ల ముందు చూశాను కాబట్టి అర్థమైంది.

ఆ గుర్తులు తెర మీద కనబడవట. కంప్యూటర్లో రాసినవి దిద్దే ఎడిటరులో వాటిని వెతికి మార్చమని కమాండ్ ఇచ్చింది. తొందరలో 'దిగు'కి 'మొదటికి రా' కలపాల్సింది పోయి, 'దిగు' తీసేసి 'మొదటికి రా' పెట్టింది. ప్రింటరు వరసలన్నీ ఒకదాని మీద ఒకటి కొట్టేసింది. కాగితం మీద ఒకటే నల్లటి పట్టీ.

"మెట్లు పోయి కాటుకొచ్చింది," అన్నాడు అబ్బాయి.

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కంట్రాక్టరు ఫ్లాపీ మళ్లీ పెట్టి, ఈసారి రెండు గుర్తులూ ఉండేలా మార్చింది. పాడైన కాగితం వెనక వరసలన్నీ ఎడమ వైపు సమంగా నిలబడ్డాయి. అబ్బాయి వేలితో అంచు వెంట పై నుంచి కింది దాకా రాసి చూశాడు.

నేను బొడ్డున తాళం తీసి పెట్టె తెరిచాను.

మర్నాడు పొద్దున్న కంట్రాక్టరు మనిషి వచ్చి, కాగితాలు తిరగేసి చూసుకుని, సంచిలోంచి ఇంకో ఫ్లాపీ తీసి కోడలికిచ్చాడు. అబ్బాయి టీ తాగి, ఆటోనగర్ అతన్ని రావద్దని చెప్పడానికి సైకిలెక్కాడు. నేను పాడైన కాగితాల్లో వెనక ఖాళీగా ఉన్నవి ఏరి, దస్తా కట్టి, కోడలి బల్ల మీద పెట్టాను.