చల్లారనివ్వని ఫ్లాష్

నా చిన్నప్పుడు, తొంభైల్లో, పుంగనూరులో మా తాతయ్యకు ఫోటో స్టూడియో ఉండేది. కెమెరా మీద బిగించే ఫ్లాష్ అంటే ఆయనకు ప్రాణం. వరసగా పదిసార్లు మెరిపించాడంటే దాన్ని ఊడదీసి పక్కన పెట్టేవాడు. అది చల్లారేదాకా ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఆ మొండితనం చూసి నేను నవ్వుకునేదాన్ని.

ఒక వానాకాలం పక్కింటి అక్క జ్వరంతో పోయింది. పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. వాళ్లమ్మ పెద్దకూతురి కాన్పుకని కుప్పం వెళ్లి ఉంది. ఆమెకు కబురు పంపారు. ఈలోగా, మా వైపు అలవాటు ప్రకారం, అక్కను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. చౌడేపల్లె నుంచి, పెద్దపంజాణి నుంచి వచ్చిన బంధువులు గుంపులుగా పక్కన నిలబడి ఫోటోలు తీయమన్నారు.

పట్టపగలు కాబట్టి ఫ్లాష్ అవసరమే లేదు. తాతయ్య అది వేయకుండానే రెండు తీశాడు.

"మెరుపే రాలేదు, ఫోటో యాడ పడింటాదప్పా?" అని అక్క పెదనాన్న నిలదీశాడు.

ఎంత చెప్పినా వినలేదు. చావింట్లో తగువెందుకని తాతయ్య లొంగిపోయి, ఫ్లాష్ బిగించి గుంపు తర్వాత గుంపుకు ఆపకుండా మెరిపించాడు. "కాలిపోతాండాది, రవ్వంతసేపు సల్లారనీండప్పా" అని రెండుసార్లు బతిమాలినా బంధువులు అరిచారే గాని ఒప్పుకోలేదు. చివరికి కమురు వాసన వచ్చి ఫ్లాష్ ఆగిపోయింది.

వాళ్లమ్మ వచ్చేసరికి పొద్దు గూకింది. ముసురు పట్టింది, కరెంటు లేదు.

"నా బిడ్డతో నాకు ఒక్క ఫోటో కూడా లేదు మామా. ఒకటి తియ్యి" అంది ఆమె.

తాతయ్య రెండు లాంతర్లు తెప్పించి, కెమెరాను స్టాండు మీద పెట్టాడు. ఆ వెలుతురుకు ఫోటో పడాలంటే కాసేపు కదలకుండా ఉండాలి. చనిపోయిన కూతురి చెయ్యి పట్టుకున్న తల్లి కదలకుండా ఎలా ఉంటుంది?

కడిగిన ఫోటోను నేనూ చూశాను. అక్క ముఖం స్పష్టంగా ఉంది. వాళ్లమ్మ ముఖం ఏడుపుకు చెదిరిపోయి, కళ్లెక్కడో నోరెక్కడో తెలియకుండా ఉంది.

"అరుపులకు బయపడితినమ్మా" అన్నాడు తాతయ్య నాతో. "ఈ యమ్మ ఇంకా దారిలో ఉండాదని తెలిసీ ఇట్ల చేస్తిని."

ఆయన కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. ఎదుట నిలబడి గట్టిగా అరిచేవాళ్లకు ఉన్నదంతా ఇచ్చేయబోయిన ప్రతిసారీ, ముఖం లేని ఆ తల్లి కళ్లముందుకొచ్చి నా చెయ్యి ఆగిపోతుంది.