స్టాక్‌హోమ్‌లో పడవ కదిలిపోయింది!

నిరుడు సెలవుల్లో సింగపూర్ నుంచి నేను, మా అత్తయ్య, మా పాప స్టాక్‌హోమ్ చూడటానికి వెళ్లాం. దీవుల మీద కట్టిన ఊరు కావడంతో రోజంతా పడవల్లోనే తిరిగాం. సాయంత్రం రేవులో అత్తయ్య ముందుగా పడవెక్కింది. ఇంతలో పాప టోపీ గాలికి ఎగిరిపోతే, పట్టుకోవడానికి మేమిద్దరం పరుగెత్తాం. వెనక్కి తిరిగేసరికి పడవ కదిలిపోయింది!

"అత్తయ్యా!" అని అరిచాను. ఆవిడకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఆవిడ ఫోనేమో నా బ్యాగులోనే ఉంది.

"డోంట్ క్రై లా మమ్మీ, బోట్ విల్ కమ్ బ్యాక్" అంటూ సింగపూర్ యాసలో నన్ను ఓదార్చబోయి పాప తనే ఏడ్చేసింది.

ఎంతో సేపటికి అదే పడవ తిరిగొచ్చింది. ఎవరో ముసలావిడ అత్తయ్యను చెయ్యి పట్టుకుని దించింది.

"అవతల అందరూ దిగిపోయినా ఈవిడ దిగలేదే అమ్మాయ్! నా పక్కనే కూచుని, నా వేళ్లు వణుకుతున్నాయని తన గ్లవ్స్ తీసి తొడిగింది" అంది అత్తయ్య.

నేను అత్తయ్యను వాటేసుకుని ఏడుస్తూ ఉండిపోయాను. తేరుకుని చూస్తే, ఆ ముసలావిడను ఎక్కించుకుని పడవ మళ్లీ వెళ్లిపోతోంది. చలికి ఎర్రబడ్డ చెయ్యి ఊపుతూ ఆవిడ నవ్వుతోంది.

పేరైనా అడగలేదు. మా కోసం తన దారి మానుకుని వెనక్కొచ్చిన మనిషికి ఒక్క దండమైనా పెట్టలేకపోయానే అన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

– ఓ పాఠకురాలు, బిషాన్, సింగపూర్