వెనక రెక్క కోసేసిన ఫొటో

త్రిపురారంలో మా అక్కవాళ్ల బత్తాయి తోటకు, కాయ రంగు తిరిగే వేళకు, ఒక రెక్కల పురుగు వస్తుంది. కాయకు ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది. పగలు రెక్కలు ముడుచుకుని కూర్చుంటే అచ్చం ఎండుటాకు. దీనికి పోలికలు కలిసిన చుట్టం ఇంకొకటి ఉంది. ముందు రెక్కలు చూసి ఏది ఏదో చెప్పబోతే బోల్తా పడతాం. గుర్తు వెనక రెక్క మీద ఉంటుంది. నారింజ రంగు మీద ఒకదానికి గుండ్రటి నల్లచుక్క, రెండోదానికి కొడవలిలా వంగిన నల్లమచ్చ.

ఆ గుర్తు కోసం ఓ పొద్దున ఆకుల కింద దూరి, పురుగును గడ్డిపరకతో తాకాను. చిరాకుపడి ఒక పక్క రెక్క ఎత్తింది. చుక్క కనబడింది, ఫొటో పడింది.

దాన్ని మా పురుగుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గ్రూపు పెద్ద కోదాడ మనిషి, రిటైరైన జంతుశాస్త్రం లెక్చరర్. మిర్యాలగూడలో ఒక కాలేజీలో ఫొటోల ప్రదర్శన పెడుతున్నాడు. ప్రతి ఫొటో ఒకే కొలతలో, ఆధార్ కార్డు మీది మొహంలా పురుగు నిండుగా కనబడాలని ఆయన పట్టుదల. నా ఫొటో అంచులు కోసి, సిద్ధమైందని గ్రూపులో చూపించాడు. ఎత్తిన రెక్క లేదు, చుక్కా లేదు. కింద కొడవలి మచ్చ దాని పేరు. ఆ తప్పు కింద నా పేరు.

"సార్, ఇది గుండ్రచుక్కది. మీరు కోసేసిన దిక్కే చుక్క ఉండె" అని రాశాను.

"మేడమ్ గారూ, మీరు వంటింట్లో పసుపూ కారం కలవకుండా చూసుకోండి. పురుగుల సంగతి నేను చూసుకుంటాను."

కింద నవ్వే బొమ్మలు బారులు తీరాయి. నేను చదివిందీ జంతుశాస్త్రమేనని ఆ నవ్వినవాళ్లలో సగం మందికి తెలుసు.

నేను ఫోను మూసి పక్కన పెట్టాను. అది చూసి మా అక్కకు భయం పట్టుకుంది.

"ఏందే, కొట్లాడకుండ ఊకున్నవ్? పానం బాగలేదా?"

"ఫోన్ల కొట్లాడితే సప్పగుంటదక్కా. మనిషి మొహం కనబడాలె."

"పెద్దాయన, పోనీరాదే."

"పెద్దాయన నోటికి పెద్దరికం రాలే. నేనేం జెయ్యాలె?"

మా సూర్యాపేటకు తిరిగొచ్చి, స్టూడియోకు పోయి, కోయని ఫొటోను పెద్ద సైజులో ప్రింటు తీయించాను. చుట్టి సంచిలో పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. దారి పొడుగునా అనాల్సిన మాటలు పేర్చుకున్నాను, తీసేశాను. చివరికి ఒకే ఒక ప్రశ్న మిగిల్చుకున్నాను.

హాల్లో ఆయన చుట్టూ విద్యార్థులు, మా గ్రూపువాళ్లు ఉన్నారు. నా ఫొటో గోడ మీద ఎత్తుగా ఉంది. దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని అడిగాను.

"సార్, ఈ రెండు పురుగులను ఎట్ల గుర్తుపట్టాలె? పిల్లలు కూడ వింటరు, జర చెప్పరాదుండ్రి."

ఆయన మొహం వెలిగింది. పాఠం చెప్పే మనిషిని పాఠం అడిగితే కాదంటాడా.

"వెనక రెక్కే చూడాలమ్మా. చుక్కుంటే ఒకటి, కొడవలి మచ్చుంటే ఇంకోటి. వెనక రెక్క చూడకుండా పేరు పెట్టేవాడు నా దృష్టిలో చదువుకోనట్టే."

"మరి ఈ ఫొటోల వెనక రెక్క ఏడుంది సార్?"

ఆయన తలెత్తి చూశాడు. విద్యార్థులూ చూశారు. నేను సంచిలోంచి ఫొటో తీసి బల్ల మీద పరిచాను. నారింజ రంగు మీద చుక్క కాటుక బొట్టులా ఉంది. వెనక నుంచి ఒక అమ్మాయి కిసుక్కుమంది. ఆ నవ్వు నాకు బత్తాయి రసం కన్నా తియ్యగా అనిపించింది.

ఆయనే కుర్చీ తెచ్చుకుని ఎక్కాడు. గోటితో గీకుతుంటే పేరు కాగితం ముక్కలు ముక్కలుగా ఊడింది. కుర్చీ కొద్దిగా ఊగింది. పట్టుకోవాలనిపించలేదు.

దిగి కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఇప్పుడు సంతోషమేనా అమ్మా?" అన్నాడు.

"సగమైంది సార్. గ్రూపుల కూడ పెట్టుండ్రి."

నా ముందే ఫోను తీసి, 'ఆ ఫొటో విషయంలో పొరపాటు జరిగింది' అని రాశాడు. మెడ సాచి చదివాను.

"పొరపాటు దానంతటదే జరగదు సార్. ఎవరిదో రాయుండ్రి."

ఆయన వేలు తెర మీద చాలాసేపు ఆగింది. నాకు బస్సుకు తొందరేం లేదు. 'నాది' అని రాసి పంపాక, కోదాడ నుంచి సూర్యాపేట దాకా అందరి ఫోన్లూ మోగి ఉంటాయనుకుని సంచి భుజానికి తగిలించుకున్నాను.